బియ్యంలో పురుగున్న ఇళ్ళు

నా పరిశోధనకు డబ్బెవరిచ్చారని అడిగితే నేను రెండు జవాబులు చెబుతాను. ఒకటి కాగితాల మీద ఉండేది. అడవి చెట్లను తినే పురుగులను విషం చల్లకుండా, వాటి శత్రు కీటకాలతోనే అదుపు చేసే పద్ధతుల మీద పనిచేసే పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్. రెండోది మా చర్చి స్త్రీల సమాజం. మొదటి జవాబుకు అందరూ గౌరవంగా తలాడిస్తారు. రెండోది వినగానే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నా గర్వమంతా ఆ రెండోదాని మీదే.

మాది నిడదవోలు పక్కన పల్లె. జిల్లాలు విడగొట్టాక ఇల్లు అంగుళం కదలకుండానే పశ్చిమగోదావరి వాళ్ళం కాస్తా తూర్పుగోదావరి వాళ్ళమైపోయాం. నాన్న రైల్వేలో టికెట్లిచ్చే గుమస్తా. అమ్మ ఇల్లు చూసుకుంటుంది, ఇంటితోపాటు వీధిని కూడా చూసుకుంటుంది. నేను పొద్దున్నే రైలెక్కి గోదావరి దాటి రాజమండ్రి కాలేజీకి వెళ్ళేదాన్ని. అక్కడ జంతుశాస్త్ర విభాగం వెనక, విరిగిన బల్లలు పడేసే గదిని ఖాళీ చేయించి నాకిచ్చారు. దానికి ప్రయోగశాల అని బోర్డు పెట్టుకున్నాను. బోర్డు చూసి లోపలికొచ్చినవాళ్ళు ట్రేల నిండా పురుగు పట్టిన నూకలు చూసి, తప్పు గదికి వచ్చామనుకుని వెళ్ళిపోయేవారు.

నా పని తెలియాలంటే మూడు ప్రాణులను పరిచయం చేసుకుంటే చాలు. మొదటిది టేకు ఆకు తినే గొంగళిపురుగు. తొలకరి పడి టేకు లేతాకు వేయగానే దిగుతుంది. చూస్తుండగానే తోటకు తోట ఈనెలు మాత్రం మిగుల్చుకుని నిలబడుతుంది. రెండోది కంటికి ఆనీ ఆనని ఒక బుల్లి కందిరీగ. అది తన గుడ్లను ఆ గొంగళి గుడ్లలోనే పెడుతుంది. పురుగు పుట్టాల్సిన గుడ్డులోంచి కందిరీగ బయటికొస్తుంది. ఏజెన్సీ కొండల్లోని టేకు తోటలో నేనే వెతికి తెచ్చుకున్న జాతి అది, అక్కడి ఎండకూ వానకూ అలవాటు పడ్డది. మూడోది బియ్యపు చిలక. బియ్యం డబ్బా మూత తీయగానే మొహం మీదికి ఎగిరే బూడిదరంగు రెక్కల పురుగుకే ఆ పేరు. బియ్యాన్ని సాలెగూడులాంటి జాలుతో అల్లి ఉండలు కట్టించేది దాని పిల్లే. గదిలో కందిరీగలను బతికించాలంటే వాటికి ఎప్పటికప్పుడు తాజా గుడ్లు కావాలి. ఆ గుడ్లు ఈ చిలక పెట్టాలి. ఊళ్ళో ఆడవాళ్ళంతా కనబడితే నలిపేసే పురుగును నేను కూర్చోబెట్టి మేపేదాన్ని. వీధిలో నాకు 'పురుగుల డాక్టరమ్మ' అని పేరు స్థిరపడిపోయింది.

ఫెలోషిప్ ఏడాదికోసారి పొడిగించేది. రెండో ఏడు వానాకాలంలో టేకు తోటలో కందిరీగలను వదలాలి, కమిటీవాళ్ళు వచ్చి ఫలితం చూడాలి. బాగుంటే మిగతా ఏళ్ళూ ఇస్తారు, లేకపోతే అక్కడితో సరి. అక్కడితో సరి అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నకు రిటైర్మెంటు దగ్గర పడింది. నేను ఏదో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పుకోవాలి, నా కందిరీగలు ఆ గదిలోనే నశించాలి. స్కూల్లో చెప్పడం చిన్నతనమని కాదు. మొదలుపెట్టిన పని సగంలో దించేయడం నా ఒంటికి పడదు.

నెలనెలా నాకిచ్చేది సరిగానే వచ్చేది. ప్రయోగాల ఖర్చుకిచ్చేది మాత్రం ఎప్పుడూ ఆలస్యమే. మంజూరు అయ్యేదాకా ఆగమంటే పురుగులు ఆగవు కదా. మా గైడు గారు కోనసీమ మనిషి, పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టి పురుగుల్లో పడ్డారు. ఆయన సొంత ఖర్చుతో ఒక బస్తా నూకలు తెప్పించారు. మళ్ళీ తెప్పిస్తానంటే నేనే వద్దన్నాను. అది విని అమ్మ అంది, "మన పిడికిలి బియ్యం ఉన్నాయి కదే!"

మా వైపు క్రైస్తవ ఇళ్ళలో వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి భాగం. ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆ పిడికెడు తప్పదు. నెలకోసారి ఆ డబ్బాలన్నీ చర్చికి తెచ్చి పెద్ద డ్రమ్ములో పోసి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. స్వర్ణ, సోనా మసూరి, స్టోరు బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ అందులోనే. వండితే కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. అందుకని అట్లకో కోళ్ళకో పాడుకుంటారు తప్ప అన్నానికి ఎవరూ పాడరు.

స్త్రీల సమాజం మీటింగులో అమ్మ ఈ మాట ఎత్తగానే ఒకావిడ గుండెల మీద చెయ్యేసుకుంది.

"దేవుడి బియ్యం పురుగులకేస్తారా వదినగారూ!"

"ఆ పురుగుల్ని చేసిందెవరమ్మా, మున్సిపాలిటీ వాళ్ళా?" అన్నారు టీచరమ్మగారు.

టీచరమ్మగారు సమాజానికి ప్రెసిడెంటు. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. అక్కగారితో కలిసి ఉండేవారు, అక్కగారు పోయాక ఒక్కరే. గంజిపెట్టిన తెల్లచీర, చెదరని కుచ్చిళ్ళు. ఎవరింటికైనా పరామర్శకొస్తే, ప్రార్థనకు కళ్ళు మూసుకునే ముందు ఆవిడ చూపు వంటింటి దాకా ఒకసారి వెళ్ళొచ్చేది. ఆవిడ వస్తున్నారంటే అమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. "మీ పచ్చళ్ళ జాడీ మీద దుమ్ముందమ్మా" అని ఆవిడ ఒకసారి అన్న మాటకు మా వీధిలో ఒకావిడ జాడీలన్నీ మార్చేసింది. అంతటి మనిషి ఆ రోజు తేల్చి చెప్పారు, "అడవిని కాపాడే చదువు చదువుతోంది మన పిల్ల. వేలం వద్దు, ఏం వద్దు. బియ్యమే పంపుదాం."

అలా దేవుడి బియ్యం రైలెక్కాయి. నెలనెలా అమ్మా నేనూ మూట స్టేషనుకు చేర్చేవాళ్ళం. రాజమండ్రిలో దిగాక ఆటో. నా చిలకలు ఊరందరి బియ్యం తిని గుడ్లు పెట్టాయి, ఆ గుడ్ల మీద కందిరీగలు పెరిగాయి. మా చర్చిలో ప్రార్థన మనవుల్లో జ్వరాలతోపాటు, పరీక్షలతోపాటు "అమ్మాయి పురుగుల కొరకు" అనే మాట కూడా చేరింది. కొత్తగా వచ్చినవాళ్ళు అది విని నాకేదో జబ్బనుకుని జాలిగా చూసేవారు.

రెండో ఏడు వేసవిలో వచ్చిన మూట విప్పి చూస్తే ముచ్చటేసింది. మట్టిబెడ్డ లేదు, వడ్లగింజ లేదు, బియ్యం మెరిసిపోతున్నాయి. పైన కాస్త తెల్లటి పొడి ఉంటే తవుడనుకున్నాను. ఎప్పటిలాగే ముతకగా మర పట్టించి, వేడి చేసి, కొత్త తరానికి పెట్టాల్సిన ట్రేలన్నీ వాటితోనే నింపి పురుగు గుడ్లు చల్లాను. మామూలుగా అయితే కొన్నాళ్ళకు నూకల మీద సన్నని జాలు అల్లుకోవాలి, చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. ఈసారి ఏ ట్రే చూసినా నూకలు నూకల్లాగే ఉన్నాయి. కదిపి చూస్తే వెంట్రుక మందాన చచ్చిన పురుగులు.

గైడు గారు మూటలో మిగిలిన బియ్యం గుప్పెడు తీసి అరచేతుల్లో రుద్దారు. చేతులు తెల్లబడ్డాయి.

"ఇది బోరిక్ పౌడరమ్మా. పురుగు పట్టకుండా మా అమ్మ కూడా ఇదే కలిపేది," అన్నారు.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. అమ్మ చేసిన మంచిపని చెప్పుకుంటున్నట్టే చెప్పింది.

"డ్రమ్ములో పురుగు పట్టిందే! అలాగే పంపితే కాలేజీలో నలుగురు చదువుకున్నవాళ్ళు ఏమనుకుంటారు? మన చర్చికెంత నామర్దా! టీచరమ్మగారు మమ్మల్నందర్నీ పిలిచి వరండాలో కూర్చోబెట్టారు. చెరిగాం, ఏరాం, ఎండబెట్టాం. ఇంట్లోంచి బోరిక్ డబ్బా తెచ్చి ఆవిడే స్వయంగా కలిపారు."

"పురుగులకి తిండి పంపిస్తూ, పురుగులు చచ్చే మందు కలుపుతారా అమ్మా!"

"పురుగులు తినేవైతే మాత్రం? శుభ్రంగా ఉండొద్దా?"

నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

అసలు కష్టం చిలకలు చావడం కాదు. ఇంకో పరిశోధనా కేంద్రాన్ని అడిగితే చిలక గుడ్లు పంపిస్తారు. కానీ దారిలోనే ముదిరిపోయే ఆ గుడ్లు కందిరీగలకు పనికిరావు, చిలకలను పెంచుకోవడానికే. గుడ్డు పిల్లై, పిల్ల పెరిగి, రెక్కలొచ్చి మళ్ళీ గుడ్లు పెట్టడానికి నెలన్నర పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నా కందిరీగలు రెండు మూడు వారాలకు మించి ఆగవు. అవి పోతే మళ్ళీ కొండల్లో వెతికి తెచ్చి పెంచేలోపు వానాకాలం వెళ్ళిపోతుంది, వానాకాలంతోపాటు ఫెలోషిప్పూ వెళ్ళిపోతుంది. నాకు కావాల్సింది ఇప్పటికే ఎదిగి, రేపోమాపో రెక్కలొచ్చే పురుగులు. అవి ఎక్కడుంటాయి? జనం ఇళ్ళల్లో, బియ్యం డబ్బాల్లో. మిల్లులకు వెళ్ళి చూశాను. మందు మాత్రలు పెట్టి పురుగన్నది లేకుండా చేస్తామని ఛాతీ విరుచుకుని చెప్పారు. చేసేది లేక మా ఊళ్ళో ఇంటింటికీ బయల్దేరాను.

"పిన్నిగారూ, మీ బియ్యంలో పురుగుందాండి?"

పెళ్ళిచూపులకొచ్చి పిల్లకేమైనా రోగాలున్నాయా అని అడిగినట్టు చూశారు. "మా ఇంట్లోనా? ఎవరు చెప్పారమ్మా నీకు?" అని ఒకావిడ కొంగు దోపింది. ఇంకొకావిడ "మా ఇంట్లో పురుగెందుకుంటుందమ్మా, మా తోడికోడలింట్లో చూడు, అక్కడ ఉండని పురుగుండదు" అంది. తోడికోడలు నన్ను మళ్ళీ ఈ ఇంటికే పంపింది. ఒకాయన నన్ను ఆరోగ్యశాఖ మనిషిననుకుని కుళాయి గురించి ఫిర్యాదు చేశాడు. గోదావరి జిల్లాల్లో వేసవిలో బియ్యానికి పురుగు పట్టని ఇల్లుంటుందా? అయినా నేను తిరిగిన ఒక్క ఇంట్లోనూ లేవు. మా ఇంట్లో కూడా లేవని అమ్మ ఒట్టు పెట్టినంత పని చేసింది.

ఆ వారంలోనే టీచరమ్మగారు మా ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చుంటూ, "పురుగులు కులాసాయేనా అమ్మాయ్?" అని నవ్వారు. చెప్పొద్దు చెప్పొద్దని అమ్మ ఆవిడ వెనక నుంచి సైగలు చేస్తోంది. నాకు కడుపులో మాట ఆగదు.

"చచ్చిపోయాయండి. మీరు కలిపిన బోరిక్ పౌడర్‌కి."

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. కుర్చీ అంచుకు జరిగి, "ఇప్పుడేం కావాలి?" అన్నారు.

"జాలు కట్టిన బియ్యం కావాలండి. ఊరంతా అడిగాను. ఎవరింట్లోనూ పురుగే లేదట."

ఆవిడ కాఫీ ముట్టుకోకుండానే లేచి వెళ్ళిపోయారు. గేటు దాటగానే అమ్మ అందుకుంది. పెద్దావిణ్ణి పట్టుకుని మొహం మీదే అనేస్తావా, నీకు చదువొచ్చింది కానీ బుద్ధి రాలేదు, అంటూ నాన్న వచ్చేదాకా ఆపలేదు. నేను మాత్రం ఇప్పటికీ చెప్పడమే మంచిదైందంటాను.

ఆదివారం ఆరాధన చివర, పాస్టరు గారు ప్రకటనలు చదవడం పూర్తయ్యాక, టీచరమ్మగారు ముందు వరసలోంచి లేచారు. చేతిలో పెద్ద స్టీలు డబ్బా. వెళ్ళి పాస్టరు గారి పక్కన నిలబడి మా అందరి వైపు తిరిగి మూత తీశారు. బూడిదరంగు రెక్కల పురుగొకటి లేచి బలిపీఠం మీది పువ్వుల వైపు ఎగిరిపోయింది.

"ఇవి మా ఇంట్లో బియ్యమండి," అన్నారు, క్లాసులో వెనక బెంచీకి వినపడేలా చెప్పే గొంతుతో. "పురుగు పట్టాయి. అక్కా నేనూ ఉన్నప్పుడు బస్తా తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు నాకు పూటకి అరగ్లాసు చాలు. బస్తా తెచ్చే అలవాటు మాత్రం పోలేదు. బోరిక్ కలిపేది ముందున్న డబ్బాలో. వెనకగదిలో బస్తా ఉండలు కట్టిపోయిందని నాకు ఎప్పుడో తెలుసు. పారేస్తే ఎవరైనా చూస్తారని దాచాను. దాచుకుని, మీ అందరి వంటిళ్ళకీ వంకలు పెట్టాను."

ఆవిడ డబ్బాను వెనక వరసలకూ కనబడేలా పైకెత్తారు.

"మంచి చేద్దామనుకుని అమ్మాయి పని పాడు చేశాను. దాని చదువు నిలబడాలంటే ఇప్పుడు ఇవే కావాలి. ఇంకా ఎవరెవరిళ్ళల్లో ఉన్నాయో చెయ్యెత్తండి."

ఎవరూ కదల్లేదు. నేను తల వంచుకున్నాను. ఆ మనిషిని అందరి ముందూ అలా నిలబెట్టినందుకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో నా పక్కనే గాజులు గలగలమన్నాయి. చూస్తే మా అమ్మ చెయ్యి.

"అమ్మా!"

"అటక మీద డబ్బాలో... కొంచెమేలే," అంది అమ్మ నా వైపు చూడకుండా.

ఆ తర్వాత అటు ఒకటి, ఇటు ఒకటి చేతులు లేచాయి. కొంగు దోపినావిడ లేపింది. తోడికోడళ్ళు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ లేపారు. మగవాళ్ళ వైపు నుంచి ముందు నవ్వులొచ్చాయి, తర్వాత "మా ఇంట్లో నాలుగు డబ్బాలున్నాయండి, ఈవిడ చెప్పట్లేదు" అని ఒక గొంతొచ్చింది. పాస్టరు గారు ఇంక ఆపుకోలేక పకపకా నవ్వి, "మా ఇంట్లో కూడా ఉండే ఉంటాయి, చూసి పంపిస్తాం" అన్నారు. టీచరమ్మగారొక్కరే నవ్వలేదు. చేతులన్నీ కనబడుతున్నాయో లేదో చూసుకుని, "దించండి" అని వచ్చి తన చోట కూర్చున్నారు.

సాయంత్రానికి మా వరండాలో అడుగు పెట్టే చోటు లేదు. డబ్బాలు, బిందెలు, హార్లిక్స్ సీసాలు. నిన్నటిదాకా లేవన్నవాళ్ళే ఇప్పుడు పోటీకొచ్చారు. "మావి చూడమ్మా, ఎంత బలంగా ఉన్నాయో!" "స్టోరు బియ్యంలో పురుగులకి ఏం బలముంటుంది, మావి సోనా మసూరి తిన్నవి!" చాలావాటిలో ఉన్నది నాకు పనికిరాని నల్ల ముక్కపురుగు. అవి వెనక్కిచ్చేస్తుంటే ఫెయిలైన పిల్లల తల్లుల్లా చిన్నబుచ్చుకున్నారు. జాలు కట్టినవాటిని మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటివిగా వేరువేరు సీసాల్లో పోసి, పల్చటి గుడ్డ కట్టి, మర్నాడు రైల్లో తీసుకెళ్ళాను. టీచరమ్మగారి బస్తాలోవే అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే ఎదిగినవి. మొదట రెక్కలొచ్చిందీ వాటికే.

కందిరీగలు లోపల పెరుగుతున్న గుడ్లను అంటించిన అట్టకార్డులు ఫ్రిజ్‌లోంచి తీసే సమయానికి తాజా గుడ్లు సిద్ధంగా ఉన్నాయి. గాజు సీసాకు భూతద్దం పెట్టి చూస్తూ గైడు గారు "ఎక్కుతున్నాయమ్మా, ఎక్కుతున్నాయి" అని చిన్నపిల్లాడిలా అరిచారు. నా కందిరీగలు ఒక్కొక్క గుడ్డు మీదికీ ఎక్కి పని మొదలుపెట్టాయి. వాటిని చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి సిగ్గుపడను. నా ఊరి వంటిళ్ళన్నీ కలిసి నిలబెట్టిన పని అది.

వానలు పడ్డాయి, టేకు లేతాకు వేసింది. కార్డులను ముక్కలుగా కత్తిరించి ఆకుల అడుగున కట్టి వచ్చాం. కమిటీ వచ్చే రోజున కొండెక్కడానికి మేము జీపులో బయల్దేరితే, వెనకే ఒక వ్యాను. దిగి చూస్తే స్త్రీల సమాజం. పెరుగన్నం గిన్నెలతో, గొడుగులతో.

"మా పురుగులు ఏం చేస్తున్నాయో మేం చూడొద్దా?" అంది అమ్మ.

కమిటీకి పెద్దగా వచ్చిన శాస్త్రవేత్త తెలుగావిడే. నవ్వు తక్కువ మనిషి. ముందు మేము కార్డులు కట్టని తోటకు వెళ్ళారు. గొంగళి తినేసిన ఆకుల్లోంచి ఆకాశం కనబడుతోంది. తర్వాత కట్టిన తోటకు వచ్చారు. ఆకు తిప్పి, భూతద్దం పెట్టి, ఇంకో ఆకు తిప్పి చూశారు. గొంగళి గుడ్లు నల్లబడి ఉన్నాయి. లోపల కందిరీగ పెరుగుతోందంటే గుడ్డు అలా నల్లబడుతుంది. నెత్తిన పచ్చటి ఆకు నిండుగా ఉంది. ఆవిడ భూతద్దం దించి, "కొనసాగించమనే చెబుతాం, మిగతా ఏళ్ళూ," అన్నారు. గైడు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మకు ఏం అర్థమైందో గానీ అప్పటికే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు శాస్త్రవేత్తగారు గొడుగుల గుంపును చూసి, "వీళ్ళెవరమ్మా?" అన్నారు.

"నాకు రెండో ఫెలోషిప్ ఇచ్చేవాళ్ళండి," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడకు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పేలోపు టీచరమ్మగారు గొడుగు మూసి ముందుకొచ్చారు. బురద అంటిన అంచు తప్ప చీర ఎప్పటిలాగే తెల్లగా ఉంది.

"ఈ కందిరీగలు పెరిగింది మా ఇంట్లో బియ్యపు పురుగుల గుడ్ల మీదండి," అన్నారు.

ఆవిడ ఒకసారి టీచరమ్మగారిని పైనుంచి కిందిదాకా చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వారు. "ఇంకా ఉన్నాయాండి మీ ఇంట్లో పురుగులు?"

"ఉన్నాయండి," అన్నారు టీచరమ్మగారు తలెత్తి. "అమ్మాయికి డాక్టరేటు వచ్చేదాకా ఉంటాయి."